లినక్స్‌లో సౌండ్ రాకపోతే ముందు ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి

ల్యాప్‌టాప్‌లో కొత్తగా లినక్స్ వేసినప్పుడు వైఫై దొరుకుతుంది, స్క్రీన్ బాగుంటుంది, వీడియో కూడా నడుస్తుంది. సౌండ్ మాత్రం రాదు. నెట్‌లో వెతికితే పదిహేనేళ్ల నాటి సలహా, నిన్న మొన్నటి సలహా పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకరు పల్స్‌ఆడియో అనే సౌండ్ ప్రోగ్రామ్ తీసేయమంటారు, ఇంకొకరు మళ్లీ వేయమంటారు, మరొకరు ఏదో ఫైల్లో రెండు లైన్లు చేర్చి రీస్టార్ట్ చేయమంటారు. ఇవన్నీ వరసపెట్టి చేసేసరికి మొదట ఉన్న సమస్య ఏదో, మధ్యలో మనం తెచ్చిపెట్టుకున్నది ఏదో తెలియకుండా పోతుంది.

ఆ సలహాల్లో చాలావరకు తప్పేమీ లేదు. ఒక్కోటీ ఒక్కో కాలంలో, ఒక్కో మెషీన్ మీద నిజంగానే పనిచేసింది. చిక్కల్లా ‘సౌండ్ రావడం లేదు’ అనే ఒకే మాట వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలు అరడజను దాకా ఉండటమే. స్పీకర్ మ్యూట్‌లో ఉన్నా, ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌కి, చిప్‌ని నడిపే ఫర్మ్‌వేర్ ఫైలు దొరక్కపోయినా, సౌండంతా మానిటర్‌కి పోయే హెచ్‌డీఎంఐ వైరులోకి వెళ్లిపోతున్నా, బయట కూర్చున్న మనిషికి తెలిసేది ఒక్కటే, నిశ్శబ్దం. అందుకే ఏదైనా మార్చే ముందు, శబ్దం ఎంతదాకా వచ్చి ఎక్కడ ఆగిపోయిందో తేల్చుకోవాలి. ఈ పని పది నిమిషాల్లో అయ్యేదే. దీన్ని దాటేసి నేరుగా మందు వేయబోవడం వల్లే రోజులు పోతున్నాయి.

శబ్దం నడిచే దారి

బ్రౌజర్లో పాట మొదలుపెడితే ఆ డేటా ముందుగా సౌండ్ సర్వర్ దగ్గరికి వెళ్తుంది. ఇప్పటి డిస్ట్రిబ్యూషన్లలో, అంటే ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్ రకాల్లో, అది ఎక్కువగా పైప్‌వైర్. ఏ ప్రోగ్రామ్ శబ్దం ఏ స్పీకర్‌కి పోవాలో, ఎంత వాల్యూమ్‌తో పోవాలో చూసేది అదే. అక్కడి నుంచి లినక్స్ సౌండ్ వ్యవస్థ అయిన ఆల్సా లైబ్రరీ, దాని కింద కెర్నల్లోని డ్రైవర్. డ్రైవర్ మాట్లాడేది మదర్‌బోర్డు మీద ఉన్న కంట్రోలర్‌తో. కంట్రోలర్ వెనక కోడెక్ అనే చిప్ ఉంటుంది. అంకెల రూపంలో వచ్చిన శబ్దాన్ని కరెంటు తరంగంగా మార్చేది ఆ చిప్పే. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో కోడెక్ తర్వాత విడిగా యాంప్లిఫయర్ చిప్‌లు కూడా ఉంటాయి. చివర్న స్పీకర్.

కాలువ చివరి పొలానికి నీరు అందకపోతే రైతు పొలం గట్టు మీద నిలబడి తవ్వడు, తూము తూమూ చూసుకుంటూ ఎగువకు నడుస్తాడు. ఇక్కడా అంతే. ఈ దారిలో ప్రతి మజిలీ దగ్గరా నిలబడి చూడటానికి ఏదో ఒక కమాండ్ ఉంది. రెండు కమాండ్లతోనే సమస్య పై సగంలో ఉందో కింది సగంలో ఉందో తేలిపోతుంది.

మొదటిది ‘ఏప్లే’. దానికి చిన్న ఎల్ ఆప్షన్ ఇస్తే కెర్నల్‌కి తెలిసిన సౌండ్ కార్డుల జాబితా వస్తుంది. రెండోది ‘డబ్ల్యుపీసీటీఎల్ స్టేటస్’. పైప్‌వైర్‌కి కనిపిస్తున్న పరికరాలను ఇది చూపిస్తుంది, ఏది డీఫాల్టో దాని పక్కన నక్షత్రం గుర్తు (*) పెడుతుంది. మొదటి జాబితా ఖాళీగా వస్తే సౌండ్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా లాభం లేదు, సమస్య కెర్నల్ వైపు ఉంది. మొదటి దాంట్లో కార్డు ఉండి, డెస్క్‌టాప్‌లో మాత్రం ‘డమ్మీ అవుట్‌పుట్’ అని (అసలు కార్డు దొరకనప్పుడు సర్వర్ చూపించే ఉత్తుత్తి పరికరం) కనిపిస్తుంటే డ్రైవర్ తన పని తాను చేసింది, పేచీ పైన ఉంది. రెండింట్లోనూ కార్డు ఉండి శబ్దం రాకపోతే మ్యూట్, తప్పుడు డీఫాల్ట్, కోడెక్ వైరింగ్ అనే మూడింటిని అనుమానించాలి.

ఇన్ని పొరలు ఎందుకొచ్చాయి

పాత సలహాల్లో ఏది పనికొస్తుందో తెలియాలంటే ఈ పొరలు ఎప్పుడు వచ్చాయో కొంచెం తెలిసి ఉండాలి. లినక్స్‌కి మొదటి సౌండ్ డ్రైవర్లు రాసింది ఫిన్లాండ్‌కి చెందిన హన్ను సావోలైనెన్, 1992 ప్రాంతంలో, సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం. అదే పెరిగి ఓపెన్ సౌండ్ సిస్టమ్, అంటే ఓఎస్ఎస్ అయింది. ‘డెవ్’ ఫోల్డర్లో ‘డీఎస్పీ’ అనే ఫైలు ఉండేది. దాన్ని తెరిచి రాస్తే శబ్దం వచ్చేది. సరళమైన పద్ధతే. కానీ చాలా కార్డుల మీద ఒకసారికి ఒక్క ప్రోగ్రామే దాన్ని తెరవగలిగేది. పాట వింటుండగా ఇంకో ప్రోగ్రామ్ నుంచి శబ్దం రావాలంటే కుదిరేది కాదు.

1998లో చెక్ దేశానికి చెందిన యారోస్లావ్ కీసెలా, గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డుకి మెరుగైన డ్రైవర్ రాయబోయి ఆల్సా మొదలుపెట్టారు. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నల్‌తో అది లినక్స్‌కి అసలు సౌండ్ వ్యవస్థ అయింది. ఈనాటికీ కింది పొర అదే, మారలేదు. మారుతూ వచ్చింది దాని పైన ఉన్న సర్వర్. లెనార్ట్ పోటరింగ్ 2004లో మొదలుపెట్టిన పల్స్‌ఆడియో 2007 నవంబరులో ఫెడోరా 8తో, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04తో జనంలోకి వచ్చింది. అప్పటిదాకా ఎవరూ పెద్దగా వాడని డ్రైవర్ సదుపాయాలను అది వాడటంతో, డ్రైవర్లలో దాగి ఉన్న లోపాలు ఒక్కసారిగా బయటపడ్డాయి. ‘పల్స్‌ఆడియో తీసేయండి’ అనే సలహా పుట్టింది ఆ రోజుల్లోనే. ఆ లోపాల్లో చాలావాటిని తర్వాత సరిచేశారు. సలహా మాత్రం నెట్‌లో అలాగే మిగిలిపోయింది.

తర్వాత రెడ్‌హ్యాట్‌లో పనిచేసే విమ్ టైమన్స్ రాసిన పైప్‌వైర్ వచ్చింది. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 దాన్ని డీఫాల్ట్ చేసుకున్నాయి. 2023 నవంబరులో దాని 1.0 వెర్షన్ వచ్చింది. ఇందులో మెచ్చుకోవలసిన తెలివి ఒకటుంది. పల్స్‌ఆడియో కోసం రాసిన ప్రోగ్రామ్‌లతో పైప్‌వైర్ పల్స్‌ఆడియో భాషలోనే మాట్లాడుతుంది. కాబట్టి పాత ‘పీఏసీటీఎల్’ కమాండ్ ఇప్పటికీ పనిచేస్తుంది. దానికి ‘ఇన్ఫో’ అని జోడించి అడిగితే సర్వర్ పేరు దగ్గర ‘పల్స్‌ఆడియో’ అని రాసి, పక్కనే బ్రాకెట్లో ‘ఆన్ పైప్‌వైర్’ అని చూపిస్తుంది. ఏ సలహా పాటించాలన్నా ముందు ఈ ఒక్క లైను చూసుకోవాలి. పైప్‌వైర్ నడుస్తున్న సిస్టమ్‌లో పల్స్‌ఆడియో కాన్ఫిగ్ ఫైళ్లు మార్చి గంటల తరబడి కూర్చునేవాళ్లు ఎందరో. ఆ ఫైళ్లను అక్కడ చదివే దిక్కే ఉండదు.

కార్డే కనిపించనప్పుడు

ఏప్లే జాబితా ఖాళీగా ఉందనుకుందాం. ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌కి కె ఆప్షన్ ఇచ్చి ఆడియో అని ఉన్న లైను వెతకాలి. ఆ పరికరం కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉంటే డ్రైవర్ పట్టుకున్నట్టు. పరికరం ఉండి ఆ లైను లేకపోతే డ్రైవర్ పట్టుకోలేదు, లేదా పట్టుకోబోయి వదిలేసింది. పరికరమే లేకపోతే బయాస్‌లో (మెషీన్ ఆన్ కాగానే ఓఎస్ కంటే ముందు నడిచే సెటప్) ఆన్‌బోర్డ్ ఆడియో ఆపేసి ఉందేమో చూడాలి.

ఇంటెల్ 2004లో తెచ్చిన హై డెఫినిషన్ ఆడియో (హెచ్‌డీఏ) పద్ధతి పీసీల్లో చాలాకాలం ఏకఛత్రాధిపత్యం చేసింది. దాని లినక్స్ డ్రైవర్ పేరులో ఇంటెల్ ఉన్నా, ఏఎండీ మెషీన్లలోనూ ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల హెచ్‌డీఎంఐ ఆడియోకీ అదే డ్రైవర్ వాడతారు. అందుకే పాత డెస్క్‌టాప్‌ల్లో సౌండ్ దానంతటదే వచ్చేస్తుంది. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల కథ వేరు. వాటిల్లో సౌండ్ పని చూసుకోవడానికి ప్రాసెసర్ పక్కనే డీఎస్పీ అనే చిన్న సహాయక ప్రాసెసర్ ఉంటుంది. మూత దగ్గరుండే డిజిటల్ మైకులు తరచుగా దానికే కలిపి ఉంటాయి. అది పనిచేయాలంటే బూట్ సమయంలో దానికి ఫర్మ్‌వేర్ అందించాలి. ఇందుకోసం 2018లో ఇంటెల్ మొదలుపెట్టిన ప్రాజెక్టే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, పొట్టిగా ఎస్‌ఓఎఫ్ లేదా సాఫ్.

ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోతే ఏం జరుగుతుందో ‘డీమెసేజ్’ (dmesg) కమాండ్ చెబుతుంది. కెర్నల్ బూట్ నాటి నుంచి రాసుకున్న సందేశాలన్నీ అందులో ఉంటాయి. ఎస్‌ఓఎఫ్ అని వెతికితే, ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు లోడ్ కాలేదని ఒక లైను, దాని చివర ‘మైనస్ 2’ అనే అంకె కనిపిస్తుంది. ఈ అంకెను చాలామంది చూసి వదిలేస్తారు. యూనిక్స్ సిస్టమ్‌లలో 2 అంటే ‘అలాంటి ఫైలు లేదు’ అనే తప్పు సంఖ్య. అంటే డ్రైవర్ బాగానే ఉంది, చిప్ బాగానే ఉంది, డిస్కులో ఉండాల్సిన ఫైలు లేదు. డెబియన్‌లో ‘ఫర్మ్‌వేర్ సాఫ్ సైన్డ్’ ప్యాకేజీ, ఆర్చ్‌లో ‘సాఫ్ ఫర్మ్‌వేర్’ ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే పనైపోతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్లో పెట్టకూడదని డెబియన్ చాలా ఏళ్లు పట్టుబట్టింది. 2022లో ఓటింగ్ పెట్టి ఆ పట్టు సడలించింది, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌తోపాటే ఫర్మ్‌వేర్ వస్తోంది. అంతకుముందు కొత్త ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేసి సౌండ్ లేక తల పట్టుకున్నవాళ్ల సమస్యకు మూలం చాలాసార్లు ఈ ఒక్క ప్యాకేజీయే.

ఇక్కడే బాగా చలామణిలో ఉన్న చిట్కా ఒకటుంది. ఇంటెల్ డీఎస్పీ కాన్ఫిగ్ మాడ్యూల్‌కి ‘డీఎస్పీ డ్రైవర్’ విలువ 1 ఇవ్వమంటారు. అలా ఇస్తే కెర్నల్ డీఎస్పీని పక్కనపెట్టి పాత హెచ్‌డీఏ డ్రైవర్‌నే వాడుతుంది. చాలా మెషీన్లలో స్పీకర్ వెంటనే మోగుతుంది కూడా. కానీ డీఎస్పీకి కలిపిన మైకులు అప్పుడు కనిపించవు. పాటలు వింటూ వారం గడిచాక, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ రోజున మన మాట అవతలికి వినపడటం లేదని తెలిస్తే ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు. వారం కిందట పెట్టిన ఆ లైను అప్పటికి గుర్తుకే రాదు. ఫర్మ్‌వేర్ వేసి చూశాక కూడా పని జరగకపోతేనే ఈ చిట్కా జోలికి పోవాలి, పోయినప్పుడు ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి.

కార్డు కనిపిస్తుంది, హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, స్పీకర్ మాత్రం మూగగా ఉంటుంది. ఇది ఇంకో రకం. కోడెక్ చిప్‌కి చాలా పిన్‌లు ఉంటాయి. ఏ పిన్ స్పీకర్‌కి, ఏది హెడ్‌ఫోన్ జాక్‌కి, ఏది మైక్‌కి పోతుందో ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ ఇష్టం. ఆ వివరాన్ని ఒక్కో పిన్‌కి 32 బిట్ల సంఖ్యగా బయాస్ రాసిపెట్టాలి. జాక్ ఏ పక్కన ఉందో, ఏ రంగుదో కూడా అందులోనే ఉంటుంది. కొన్ని కంపెనీలు దీన్ని తప్పుగా రాస్తాయి, విండోస్ డ్రైవర్లో దిద్దుకుంటాయి. లినక్స్‌కి ఆ దిద్దుబాటు అందదు. అందుకే కెర్నల్లో రియల్‌టెక్ కోడెక్‌ల కోడ్‌లో ఒక పెద్ద పట్టిక ఉంది. ఫలానా కంపెనీ ఫలానా మోడల్ అయితే ఫలానా పిన్‌ని ఇలా అర్థం చేసుకో అంటూ వందల కొద్దీ లైన్లు. ఒక్కో లైను వెనకా స్పీకర్ మోగని మెషీన్ ఒకటి, దాన్ని ఓపికగా తవ్వి చూసిన మనిషి ఒకరు ఉంటారు. ఈ పట్టిక ప్రతి కెర్నల్ విడుదలతోనూ పెరుగుతుంది. కాబట్టి ఈ ఏడాది కొన్న ల్యాప్‌టాప్ మీద రెండేళ్ల కిందటి కెర్నల్ నడుపుతుంటే వేరే ప్రయోగాలు చేసే ముందు కొత్త కెర్నల్ వేసి చూడటమే మేలు. ఓపిక ఉన్నవాళ్లకి ‘హెచ్‌డీఏ జాక్ రీటాస్క్’ అనే టూల్ ఉంది. పిన్‌ల అర్థాన్ని మౌస్‌తోనే మార్చి పరీక్షించవచ్చు.

ఇటీవలి మోడళ్లలో సిరస్ లాజిక్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి కంపెనీల స్మార్ట్ యాంప్లిఫయర్లు విడిగా ఉంటున్నాయి. వాటికి సొంత డ్రైవర్, సొంత ఫర్మ్‌వేర్ కావాలి. హెడ్‌ఫోన్ దారి వీటి గుండా పోదు కాబట్టి హెడ్‌ఫోన్ పనిచేస్తుంది, స్పీకర్ పనిచేయదు. బయటికి కనిపించే తీరు పిన్ సమస్యలాగే ఉన్నా మందు వేరు. డీమెసేజ్‌లో ఆ చిప్ పేరు కనిపిస్తుందేమో చూస్తే రెండింటికీ తేడా తెలుస్తుంది.

మిక్సర్ తెర మీద రెండు అక్షరాలు

కార్డు ఉంది, డ్రైవర్ ఉంది అనుకున్నాక చూడాల్సింది ‘ఆల్సామిక్సర్’. టెర్మినల్లో నడిపితే ఒకే ఒక్క నిలువు గీత కనిపించి, దాని కింద ‘మాస్టర్’ అని ఉండొచ్చు. అంతే అనుకుని మూసేస్తారు చాలామంది. అది సౌండ్ సర్వర్ చూపించే గీత, కార్డుది కాదు. ఎఫ్6 నొక్కి అసలు కార్డుని ఎంచుకుంటే అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం అంటూ వరసగా గీతలు తెరుచుకుంటాయి. ప్రతి గీత కింద చిన్న గడిలో రెండు సున్నాలు గానీ, రెండు ‘ఎం’ అక్షరాలు గానీ ఉంటాయి. సున్నాలుంటే తెరిచి ఉన్నట్టు, ‘ఎం’లు ఉంటే మ్యూట్ అయినట్టు. గీత నిండుగా వంద దాకా ఉన్నా కింద ‘ఎం’లు ఉంటే చుక్క శబ్దం రాదు. ఆ గీత మీదికి వెళ్లి ‘ఎం’ కీ నొక్కితే తెరుచుకుంటుంది. ఆల్సా డ్రైవర్లు మొదటిసారి లోడైనప్పుడు ఛానళ్లను మ్యూట్‌లోనే ఉంచడం ఆనవాయితీ. పెద్ద శబ్దంతో స్పీకర్లూ చెవులూ పాడవకూడదని అలా పెట్టారు. మామూలుగా డిస్ట్రిబ్యూషన్ దాన్ని తెరిచేస్తుంది, తెరవకపోతే మనమే తెరుచుకోవాలి.

కుడివైపుకు జరుగుతూ పోతే ‘ఆటో మ్యూట్ మోడ్’ అనేది తగులుతుంది. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్ ఆపేసేది అదే. జాక్‌లో దుమ్ము చేరినా, లోపలి స్ప్రింగ్ వదులైనా హెడ్‌ఫోన్ పెట్టకుండానే పెట్టినట్టు సిస్టమ్ అనుకుంటుంది, స్పీకర్ ఎప్పటికీ మోగదు. దీన్ని డిసేబుల్ చేయగానే స్పీకర్ మోగిందంటే సాఫ్ట్‌వేర్‌ని వదిలేసి జాక్‌ని శుభ్రం చేయాలి. మార్చిన స్థాయిలు రీబూట్ తర్వాత పోతుంటే ‘ఆల్సాసీటీఎల్ స్టోర్’ అని రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో నడిపితే అవి డిస్కులో భద్రమవుతాయి.

మిక్సర్ అయ్యాక సర్వర్‌ని పక్కన పెట్టి కార్డుని నేరుగా పరీక్షించాలి. ఇందుకు ‘స్పీకర్ టెస్ట్’ అనే కమాండ్ ఉంది. డీ ఆప్షన్‌తో ఏ కార్డో చెప్పి, రెండు ఛానళ్లు, వేవ్ రకం అని ఇస్తే ‘ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్ రైట్’ అని ఆడగొంతు పలుకుతుంది. కార్డు పేరు ముందు ‘హెచ్‌డబ్ల్యు’ అని ఇస్తే మార్పులేవీ చేయకుండా డేటాను నేరుగా పంపుతుంది. కార్డుకి నచ్చని ఫార్మాట్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ‘ప్లగ్ హెచ్‌డబ్ల్యు’ అని ఇస్తే అవసరమైన మార్పులు మధ్యలో చేసి పంపుతుంది. మొదటిదాంట్లో వచ్చిన ఎర్రర్ చూసి కార్డు పాడైందని కంగారుపడాల్సిన పనిలేదు. ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అని వచ్చినా పరవాలేదు, ఇంకెవరో కార్డుని పట్టుకుని ఉన్నారని అర్థం. ‘ఫ్యూజర్’ కమాండ్‌ని ‘డెవ్ ఎస్‌ఎన్‌డీ’ ఫైళ్ల మీద నడిపితే ఎవరు పట్టుకున్నారో పేరుతో సహా చెబుతుంది. పైప్‌వైరే అయితే పాట ఆపి కొన్ని సెకన్లు ఆగితే అదే వదిలేస్తుంది.

ఈ పరీక్షలో గొంతు వినిపించిందంటే చిప్, డ్రైవర్, వైరు అన్నీ బాగున్నట్టే. ఇక కెర్నల్ ఆప్షన్ల జోలికి పోనక్కర్లేదు.

శబ్దం ఇంకెక్కడికో పోతున్నప్పుడు

డ్రైవర్లు ఏ వరసలో లోడైతే కార్డులకు ఆ వరసలో 0, 1, 2 అని నంబర్లు పడతాయి. ఆల్సా అలవాటుగా 0ని డీఫాల్ట్ అనుకుంటుంది. 2013 ప్రాంతంలో వచ్చిన ఇంటెల్ హాస్వెల్ మెషీన్లలో హెచ్‌డీఎంఐ ఆడియో విడి కార్డుగా వచ్చి 0 నంబర్ అందుకునేది, అసలు స్పీకర్లున్న కార్డు 1 అయ్యేది. మానిటర్‌కి స్పీకర్లు లేకపోతే పాటంతా గాల్లో కలిసినట్టే. వెబ్‌క్యామ్ మైక్, యూఎస్‌బీ హెడ్‌సెట్ కూడా ఇలాగే నంబర్ల వరసను తారుమారు చేస్తాయి. ఈ రోజు 1గా ఉన్నది రేపు బూట్ చేశాక 2 కావచ్చు. అందుకే కాన్ఫిగ్‌లో ఎక్కడైనా కార్డుని రాయాల్సి వస్తే నంబర్ కాకుండా, ఏప్లే జాబితాలో చూపించే పొట్టి పేరు రాయడం మంచిది.

డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఆల్సా డీఫాల్ట్ మార్చాల్సిన అవసరమే సాధారణంగా రాదు. సౌండ్ సెట్టింగ్స్‌లో గానీ, డబ్ల్యుపీసీటీఎల్‌తో గానీ సర్వర్ డీఫాల్ట్ మారిస్తే చాలు. ఎప్పుడో ఎవరో చెప్పారని హోమ్ ఫోల్డర్లో పెట్టిన ‘డాట్ ఆసౌండ్‌ఆర్‌సీ’ అనే ఆల్సా సెట్టింగ్స్ ఫైలు మాత్రం పెద్ద ప్రమాదం. పేరుకి ముందు చుక్క ఉండటంతో ఫైల్ మేనేజర్లో కనిపించదు. ఓఎస్ మళ్లీ వేసినా హోమ్ ఫోల్డర్ అలాగే ఉంచితే అది కూడా కొత్త సిస్టమ్‌లోకి వచ్చేస్తుంది. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి అందులో సౌండ్ వస్తుందేమో చూస్తే ఈ రకం తప్పులన్నీ ఒక్క దెబ్బతో బయటపడతాయి. కొత్త అకౌంట్లో మోగి పాతదాంట్లో మోగకపోతే దోషం హోమ్ ఫోల్డర్లోనే ఉంది.

సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపితే మోగి, మామూలుగా నడిపితే మోగకపోతే అది పర్మిషన్ల పేచీ. సాధారణంగా స్క్రీన్ ముందు లాగిన్ అయిన మనిషికి ‘లాగిన్‌డీ’ అనే సర్వీస్ సౌండ్ పరికరాల మీద తాత్కాలికంగా హక్కు ఇస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి వచ్చినవాళ్లకు ఆ హక్కు రాదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌ని మ్యూజిక్ ప్లేయర్‌గా వాడేవాళ్లకు తగిలే సమస్య ఇదే. అక్కడ యూజర్‌ని ‘ఆడియో’ గ్రూపులో చేర్చడం సరైన పనే. ఒకే కంప్యూటర్‌ని ఇద్దరు ముగ్గురు వాడే ఇంట్లో మాత్రం అలా చేర్చకపోవడం మంచిది. ఒకరు లాగిన్‌లో ఉండగా ఇంకొకరు మారినప్పుడు, మొదటివాళ్ల సెషన్ కార్డుని వదలకుండా పట్టుకుంటుంది.

సర్వర్ వైపు గందరగోళానికి ఎక్కువగా కారణమయ్యేది రెండు సర్వర్లు ఒకేసారి నడవడం. అప్‌గ్రేడ్ మధ్యలో తెగినప్పుడో, సలహా విని పల్స్‌ఆడియోని మళ్లీ వేసినప్పుడో ఇది జరుగుతుంది. కార్డు కోసం రెండూ పోటీపడతాయి, ఓడినదానికి డమ్మీ అవుట్‌పుట్ మిగులుతుంది. ఒకదాన్ని పూర్తిగా తీసేస్తే సరి. పైప్‌వైర్‌ని రీస్టార్ట్ చేసేటప్పుడు ‘సిస్టమ్‌సీటీఎల్’కి ‘యూజర్’ ఆప్షన్ తప్పనిసరిగా ఇవ్వాలి, ముందు సుడో పెట్టకూడదు. అది రూట్ సర్వీస్ కాదు, మన లాగిన్‌తో పుట్టి మన లాగిన్‌తో పోయే సర్వీస్. పైప్‌వైర్‌తోపాటు దాని పల్స్ భాగాన్నీ, ఏ పరికరానికి ఏ ప్రొఫైల్, అంటే అది ఏ తీరులో పనిచేయాలి, అన్నది నిర్ణయించే వైర్‌ప్లంబర్‌నీ కలిపి రీస్టార్ట్ చేయాలి. వైర్‌ప్లంబర్‌కి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఒకసారి ప్రొఫైల్‌ని ‘ఆఫ్’ చేస్తే రీబూట్ తర్వాత కూడా ఆఫ్‌లోనే ఉంచుతుంది. ‘పావుకంట్రోల్’ అనే సౌండ్ సెట్టింగ్స్ టూల్ చివరి ట్యాబ్‌లో ప్రొఫైల్ మార్చుకోవచ్చు. అయినా మొరాయిస్తే హోమ్ ఫోల్డర్లోని ‘లోకల్ స్టేట్’ కింద ఉన్న వైర్‌ప్లంబర్ ఫోల్డర్‌ని పక్కకు జరిపి రీస్టార్ట్ చేస్తే మొదటినుంచీ తాజాగా లెక్కేసుకుంటుంది.

వస్తుంది గానీ సరిగ్గా రాదు

పాట మొదలైనప్పుడూ ఆగినప్పుడూ ‘టక్’మనే చప్పుడు వస్తుంటే అది కరెంటు పొదుపు చేసే పని. కొంతసేపు శబ్దం లేకపోతే కోడెక్ నిద్రపోతుంది, లేచేటప్పుడు ఆ చప్పుడు చేస్తుంది. హెచ్‌డీఏ డ్రైవర్‌కి ‘పవర్ సేవ్’ విలువ 0 ఇస్తే ఆగుతుంది, బ్యాటరీ మాత్రం కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. పాట మధ్యలో గరగర వస్తుంటే, శబ్దం డేటా కార్డుకి పోయే ముందు ఆగే బఫర్ వేళకు నిండటం లేదని. వర్చువల్ మెషీన్లలో ఇది మామూలే.

బ్లూటూత్ హెడ్‌సెట్ మీద ఫిర్యాదుల్లో సగం అసలు లోపాలే కావు. పాటలకు వాడే ఏ2డీపీ ప్రొఫైల్‌లో మైక్ ఉండదు. మీటింగ్‌లో చేరి మైక్ తెరవగానే హెడ్‌సెట్ ఫోన్ కాల్ ప్రొఫైల్‌కి మారుతుంది, శబ్దం ల్యాండ్‌లైన్ ఫోన్ స్థాయికి పడిపోతుంది. పాత సీవీఎస్‌డీ కోడెక్ (ఇక్కడ కోడెక్ అంటే చిప్ కాదు, శబ్దాన్ని కుదించే పద్ధతి) అయితే సెకనుకు 8,000 శాంపిళ్లు, ఎంఎస్‌బీసీ అయితే 16,000. మైక్‌ని ల్యాప్‌టాప్‌దే ఎంచుకుని, హెడ్‌సెట్‌ని వినడానికి మాత్రమే వాడితే ఈ బాధ తప్పుతుంది.

సౌండ్ లేకపోతే కంప్యూటరే లేనివాళ్లు

చూపున్నవాళ్లకు సౌండ్ పోతే పాట పోయినట్టు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్ మీద ఆధారపడ్డ అంధులకు సౌండ్ పోతే స్క్రీన్ పోయినట్టే. అక్షరాలను మాటగా పలికే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు కూడా ఉంది కాబట్టి తెలుగు ఫైళ్లను లినక్స్‌లో వినగలిగేవాళ్లు ఉన్నారు. పైన చెప్పిన మరమ్మతులన్నీ స్క్రీన్ చూస్తూ చేసేవే. ఆల్సామిక్సర్లో ‘ఎం’లున్నాయో సున్నాలున్నాయో వాళ్లకు చెప్పేదెవరు? టెక్స్ట్ కన్సోల్‌ని చదివి వినిపించడానికి రూట్‌గా నడిచే ఈస్పీకప్ అనే ప్రోగ్రామ్ కార్డుని నేరుగా పట్టుకుంటే, డెస్క్‌టాప్ సెషన్‌లోని సర్వర్‌కి కార్డు దొరక్క ఓర్కా మూగబోయే చిక్కు కూడా ఉంది.

డెబియన్ ఇన్‌స్టాలర్ చేసే పని ఒకటి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బూట్ మెనూ రాగానే ‘ఎస్’ నొక్కి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలేషన్ మొత్తం మాటలతో నడుస్తుంది. మెషీన్‌లో ఒకటికి మించి సౌండ్ కార్డులుంటే ఏది సరైనదో ఊహించదు. ఒక్కో కార్డులోనూ పలుకుతుంది, వినపడినప్పుడు ఎంటర్ నొక్కమంటుంది. డీఫాల్ట్ కార్డు ఏదనే ప్రశ్నకు ఇంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు. డెస్క్‌టాప్‌లు కూడా దీన్ని అందుకుంటే ఎంతో బాగుంటుంది.

బీఎస్‌డీల్లో

బీఎస్‌డీలు లినక్స్ లాంటివే అయిన వేరే యూనిక్స్ తరహా ఓఎస్‌లు. వాటిలో ఫ్రీబీఎస్‌డీ ఓఎస్ఎస్ పద్ధతినే నిలుపుకుంది, కానీ అనేక ప్రోగ్రామ్‌ల శబ్దాన్ని కలపడం కెర్నల్లోనే చేస్తుంది. కాబట్టి అక్కడ చూడాల్సిన పొరలు తక్కువ. ‘డెవ్’ ఫోల్డర్లోని ‘ఎస్‌ఎన్‌డీస్టాట్’ ఫైల్‌ని చదివితే కార్డులన్నీ వాటి నంబర్లతో, ఏది డీఫాల్టో సహా కనిపిస్తాయి. సిస్‌సీటీఎల్ కమాండ్‌తో ‘డీఫాల్ట్ యూనిట్’ మారిస్తే హెచ్‌డీఎంఐ పేచీ తీరిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీ సొంతంగా ఎస్‌ఎన్‌డీఐఓ అనే సౌండ్ వ్యవస్థ రాసుకుంది. అక్కడ మైక్ నుంచి నిశ్శబ్దమే రికార్డవుతుంటే మెషీన్‌లో లోపం వెతకొద్దు. మన మాటలు ఎవరూ దొంగచాటుగా వినకూడదని రికార్డింగ్‌ని డీఫాల్ట్‌గా ఆపేసి ఉంచారు. సిస్‌సీటీఎల్‌లో ‘ఆడియో రికార్డ్’ విలువ 1 చేస్తేనే నిజమైన శబ్దం వస్తుంది.

అన్నీ చూశాక

నిన్నటిదాకా మోగి, అప్‌డేట్ తర్వాత ఆగితే బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని చూడాలి. అందులో మోగితే తప్పు మనది కాదు. విండోస్ కూడా ఉన్న మెషీన్‌లో అక్కడి నుంచి రీస్టార్ట్ కొట్టి లినక్స్‌లోకి వచ్చినప్పుడు మాత్రమే సౌండ్ పోతుంటే, ఒకసారి పూర్తిగా పవర్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. విండోస్ డ్రైవర్ కోడెక్‌ని వదిలేసిన స్థితిని లినక్స్ డ్రైవర్ అన్నిసార్లూ సరిచేయలేదు. కొత్త ఫెడోరా లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి వినడం ఇంకో మంచి పరీక్ష. అందులో మోగితే హార్డ్‌వేర్ నిక్షేపంలా ఉన్నట్టు. ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో ఏదో పాతబడింది లేదా తప్పిపోయింది.

అప్పటికీ తేలకపోతే ‘ఆల్సా ఇన్ఫో’ అనే స్క్రిప్ట్ నడిపి, దాని ఫలితాన్ని జతచేసి డిస్ట్రిబ్యూషన్ వాళ్లకో, కెర్నల్ సౌండ్ డెవలపర్లకో రిపోర్ట్ పంపాలి. కార్డులు, కోడెక్, ఒక్కో పిన్ విలువ, మిక్సర్ స్థితి, డీమెసేజ్ అన్నీ అది ఒకే ఫైల్లో పోగేస్తుంది. ఏం చేస్తే మోగింది, ఏం చేస్తే మోగలేదు అన్న రెండు వాక్యాలు పైన రాస్తే డెవలపర్ పని సగం తగ్గుతుంది. కోడెక్ వివరాల్లో ‘సబ్‌సిస్టమ్ ఐడీ’ అని ఒక సంఖ్య ఉంటుంది. కెర్నల్ పట్టికలో కొత్త లైను ఎక్కేది ఎక్కువగా దాని ఆధారంగానే, కాబట్టి అది రిపోర్ట్‌లో ఉందో లేదో పంపే ముందు ఒకసారి చూసుకోవాలి.